నాన్న కాలి బైపాస్‌లో మళ్ళీ పూడిక: చెల్లి పెళ్ళయ్యేదాకా ఆయనకు చెప్పకుండా ఉండవచ్చునా?

మల్కాజిగిరి నుంచి ఒక ఇంటి పెద్ద కూతురు వివరంగా ఉత్తరం రాశారు. తన పేరు రాయవద్దన్నారు. వాళ్ళ నాన్నగారికి అరవై మూడేళ్ళు. బాలానగర్‌లోని ఒక ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద పనిచేసి రిటైరయ్యారు. పదిహేనేళ్ళుగా షుగర్ ఉంది. ఆరేళ్ళ క్రితం కుడి పాదం మీద పుండు మానక రెండో వేలు నల్లబడితే, ఆ వేలు తీసేసి, తొడ లోపలి వైపు నుంచి ఆయన సొంత సిరనే తీసి గజ్జ దగ్గరి ధమని నుంచి మోకాలి కింది దాకా బైపాస్ చేశారు. పుండు మానింది, ఆయన మళ్ళీ నడిచారు. రెండేళ్ళుగా ఎవరూ చెకప్ మాట తలచలేదు. గత నెల రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్ చేయిస్తే, మోకాలికి కాస్త పైన గ్రాఫ్ట్‌లో, అంటే బైపాస్‌గా కుట్టిన సిరలో, రెండు సెంటీమీటర్ల మేర కొవ్వు పూడిక ఉందని, అక్కడ రక్తం వేగం సెకనుకు 280 సెంటీమీటర్లని, అంతకు పై భాగంలోని వేగానికి అది 3.2 రెట్లని రిపోర్టు వచ్చింది. చీలమండ దగ్గరి పీడనాన్ని చేతి పీడనంతో భాగించి చెప్పే ఏబీఐ 0.94 నుంచి 0.82కు తగ్గింది.

ఒక డాక్టరు ఈ నెలలోనే బెలూన్ వేయించుకొమ్మన్నారు, అంటే ఇరుకైన చోట చిన్న బెలూన్‌ను ఉబ్బించి దారి వెడల్పు చేయించుకొమ్మన్నారు. మరొక డాక్టరు ఇంకా ఆ దశ రాలేదని, మందులు వాడుతూ ఆరు వారాలకు మళ్ళీ స్కాన్ చేద్దామన్నారు. పుణేలో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు మొదటి ఆపరేషనే సరిగా చేయలేదని, లేకపోతే సొంత సిర ఎందుకు పూడుతుందని కోపంగా ఉన్నాడు. చెల్లెలి పెళ్ళి మాఘమాసంలో, అంటే మరో రెండున్నర నెలల్లో ఉంది కాబట్టి అప్పటిదాకా నాన్నకు ఈ సంగతి తెలియనివ్వకూడదని తమ్ముడు, అమ్మ నిర్ణయించారు. స్కూటర్ డిక్కీలో అమ్మకు సిగరెట్ పెట్టె దొరికింది. కొలెస్ట్రాల్ రిపోర్టు నార్మల్ వచ్చిందని నాన్న ఏడాది క్రితమే ఆ మాత్ర మానేశారు. అప్పుడు ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 104. సెలైన్ ద్వారా పూడికను కరిగించే వైద్యం ఉందని బంధువులొకరు చెబుతున్నారు. చివర, సంతకానికి పైన, ఆవిడ ఇంకొక వాక్యం రాశారు: "ఈ మధ్య రాత్రిళ్ళు నాన్న కుడికాలు మంచం మీద నుంచి కిందికి వేలాడేసి పడుకుంటున్నారు, ఉక్కపోతకేమో అని అమ్మ అంటోంది." ఇద్దరు డాక్టర్లలో ఎవరి మాట వినాలి, పెళ్ళయ్యేదాకా ఆగవచ్చునా, నాన్న దగ్గర దాచడం తప్పా అన్నవి ఆవిడ ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. స్కాన్ అంకెలన్నిటికంటే ఆ చివరి వాక్యమే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

కాలికి రక్తం బాగా తగ్గినప్పుడు, పడుకోగానే పాదం ముందు భాగంలోనో వేళ్ళలోనో నొప్పి మొదలవుతుంది, ఎందుకంటే నిలబడినప్పుడు భూమ్యాకర్షణ వల్ల పాదానికి దక్కే కాస్త అదనపు రక్తం పడుకున్నప్పుడు దక్కదు. కాలిని మంచం కిందికి జారవిడిస్తే ఆ నొప్పి తగ్గుతుంది. ఆ సంగతి రోగికి ఎవరూ చెప్పనక్కరలేదు, నిద్రలోనే శరీరం నేర్చుకుంటుంది. మీ నాన్నగారు చేస్తున్నది అదే అయితే ఆయన వ్యాధి రిపోర్టులోని అంకెల కంటే ముందుకు వెళ్ళిందని అర్థం. అదే కాకపోవచ్చు కూడా. పదిహేనేళ్ళ షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్ళకు పాదాలలో మంటలు, తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్లుండటం రాత్రిళ్ళే ఎక్కువవుతాయి. కానీ అవి సాధారణంగా రెండు పాదాలలోనూ ఉంటాయి, కాలు కిందికి వేలాడేసినంత మాత్రాన తగ్గవు. ఆయన ఒక్క కుడికాలినే, ఆపరేషన్ అయిన కాలినే వేలాడేస్తున్నారని మీరే రాశారు. ఇంకొక గుర్తు కూడా చూడవచ్చు. వేలాడుతున్నప్పుడు ఆ పాదం ముదురు ఎరుపుగా, పడుకోబెట్టి ఎత్తి పట్టుకున్నప్పుడు పాలిపోయి కనిపిస్తుందేమో గమనించండి. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళలో చాలామంది ఆ ఎరుపును చూసి రక్తం బాగా ఆడుతోందని సంతోషిస్తారు. నిజానికి అది అందుకు పూర్తిగా వ్యతిరేకమైన గుర్తు.

ఈ తేడా ఎవరు చెప్పగలరు? స్కాన్ యంత్రం చెప్పలేదు, మీ అమ్మగారు చెప్పలేరు, పుణేలో ఉన్న మీ తమ్ముడు అసలే చెప్పలేడు. మీ నాన్నగారొక్కరే చెప్పగలరు. ఏమీ జరగలేదని ఇంట్లో అందరూ నటిస్తున్నప్పుడు ఆయన కూడా తన నొప్పిని చెప్పకుండా దాచుకుంటారు, పెళ్ళి ముందు పిల్లలను కంగారు పెట్టడమెందుకని. ఇద్దరు డాక్టర్లలో ఎవరికైనా ఈ వేలాడేయడం గురించి చెప్పినట్లు మీ ఉత్తరంలో లేదు. చెప్పి ఉంటే వాళ్ళిద్దరూ ఒకే మాట మీదికి వచ్చేవారేమో.

అంకెలను మాత్రమే చూస్తే వారి భిన్నాభిప్రాయం నాకు అర్థమవుతుంది. గ్రాఫ్ట్‌లో రక్తం వేగం 300 సెంటీమీటర్లు దాటినా, రెండు భాగాల వేగాల నిష్పత్తి 3.5 దాటినా, గ్రాఫ్ట్ మొత్తంలో ప్రవాహం 40, 45 సెంటీమీటర్ల కంటే మందగించినా, ఏబీఐ 0.15 కంటే ఎక్కువ పడిపోయినా, ఆ గ్రాఫ్ట్ మూసుకుపోయే ప్రమాదం ఎక్కువని రక్తనాళాల సర్జన్లు భావిస్తారు. మీ నాన్నగారివి 280, 3.2, 0.12 తగ్గుదల. అన్నీ గీత దగ్గరికి వచ్చి ఆగాయి. గీత దాటలేదు కాబట్టి ఆగుదామన్నది రెండో డాక్టరు ఆలోచన. అందులో తప్పు లేదు: 2005లో బ్రిటన్ నుంచి వెలువడిన, 594 మంది రోగులతో చేసిన ఒక పరీక్షలో, క్రమం తప్పకుండా స్కాన్లు తీసినవారికీ లక్షణాలను మాత్రమే గమనించినవారికీ కాలు కోల్పోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే ఆ పరీక్ష ఆపరేషన్ తర్వాతి మొదటి ఏడాదిన్నర కాలానిది. మీ నాన్నగారికి వచ్చినది ఆరేళ్ళ తర్వాతి పూడిక. అదొక వేరే జబ్బు. మీ తమ్ముడి కోపానికి కూడా సమాధానం అందులోనే ఉంది.

సిరలో పీడనం చాలా తక్కువ. పడుకున్న మనిషిలో పది మిల్లీమీటర్లు కూడా ఉండదు. దాన్ని తీసి ధమని స్థానంలో కుట్టగానే ప్రతి గుండె చప్పుడుకూ నూట ఇరవై, నూట నలభై మిల్లీమీటర్ల ఒత్తిడి దాని పలచని గోడ మీద పడుతుంది. మెల్లగా పారే పంటకాలువలోకి ఒక్కసారిగా వరద నీరు వదిలినట్లు ఉంటుంది. గోడ తట్టుకోవడానికి మందమవుతుంది. ఈ మార్పు కొంతవరకు అవసరమైనదే. 1948లో పారిస్‌లో జ్యాఁ క్యూన్లాఁ అనే సర్జన్ తొడ సిరతో కాలికి మొదటి బైపాస్ చేయడానికి నాలుగు దశాబ్దాల ముందే, అలెక్సిస్ కారెల్ అనే సర్జన్ ప్రయోగాలలో ధమనిలో కుట్టిన సిర గోడ మందమవడం కనిపించింది. మొదటి నెలలో గ్రాఫ్ట్ మూసుకుపోతే కుట్టులోనో, సిర ఎంపికలోనో, కింది ధమనులలోనో లోపం ఉందేమో అని వెతకాలి. నెల నుంచి రెండేళ్ళ లోపు సన్నబడితే ఈ మందమవడం మితిమీరిందని అర్థం. రెండేళ్ళు దాటిన తర్వాత కొవ్వు రంగంలోకి వస్తుంది. మందమైన ఆ గోడలోకి కొలెస్ట్రాల్ చేరి, తెల్లకణాలు దాన్ని మింగి ఉబ్బి, పూడికగా పేరుకుంటాయి. ధమనిలో ముప్పై నలభై ఏళ్ళు పట్టే ఈ పని సిర గ్రాఫ్ట్‌లో కొన్నేళ్ళలోనే జరిగిపోతుంది. 1973లో అమెరికాలోని డెట్రాయిట్‌లో జిలాగీ బృందం, కాలికి బైపాస్ అయినవాళ్ళకు ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ యాంజియోగ్రామ్‌లు తీసి ఈ మార్పులను వర్గాలుగా విడదీసి ప్రచురించింది.

అందువల్ల ఆరేళ్ళు పనిచేసిన గ్రాఫ్ట్ ఇప్పుడు పూడుతోందంటే, ఆనాటి సర్జన్ చేతిలో లోపం ఉందనడానికి అది ఆధారం కాదు. మోకాలి కిందికి వేసిన సిర గ్రాఫ్టులలో ఐదేళ్ళ తర్వాత తెరిచి ఉండేవి దాదాపు మూడింట రెండు వంతులు. మీ నాన్నగారిది ఆ మంచి వైపునే ఉంది. మీ తమ్ముడికి ఇది నెమ్మదిగా చెప్పండి. తండ్రి కాలి గురించిన భయాన్ని అతను కోపంగా చూపిస్తున్నాడని నాకనిపిస్తోంది. ఆస్పత్రితో తగాదాకు వెచ్చించే శక్తి ఈ రెండు నెలలు మీ అందరికీ వేరే పనికి కావాలి.

ఇక మొదటి డాక్టరు తొందరపడటానికి కారణం. సిర గ్రాఫ్ట్‌లోని కొవ్వు పూడిక ధమనిలోని పూడిక కంటే మెత్తనిది, దాని మీద ఉండే పొర పలచనిది, కొన్నిచోట్ల పొరే ఉండదు. అది చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి గ్రాఫ్ట్ మొత్తం కొన్ని గంటల్లో మూసుకుపోవచ్చు. తెరిచి ఉన్న గ్రాఫ్ట్‌లోని ఒక్క ఇరుకును సరిచేస్తే అది చాలా ఏళ్ళు పనిచేస్తుంది. పూర్తిగా మూసుకుపోయిన దాన్ని మందులతోనో ఆపరేషన్‌తోనో తెరిపించినా ఎక్కువకాలం నిలవడం అరుదు. ఆగడమా, చేయించడమా అన్న చర్చ అంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది.

మీ ముందున్న దారులు ఇవి. మొదటిది బెలూన్. గజ్జ దగ్గర సూది రంధ్రం ద్వారా చేస్తారు, మత్తు ఆ చోటికి మాత్రమే ఇస్తారు, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. రెండు సెంటీమీటర్లకు మించని, ఆపరేషన్ అయిన చాలాకాలానికి వచ్చిన, ఒకే చోట ఉన్న ఇరుకు బెలూన్‌కు బాగా లొంగుతుంది. మీ నాన్నగారిది ఆ కోవలోనిదే. ఇబ్బందులు లేకపోలేదు: మెత్తని పూడిక కాబట్టి బెలూన్ వేసేటప్పుడు ముక్కలు విరిగి పాదం వైపు వెళ్ళే అవకాశం ఉంది. యాంజియోగ్రామ్‌లో వాడే మందు షుగర్ ఉన్నవాళ్ళ కిడ్నీలకు భారం కాబట్టి ముందుగా క్రియాటినిన్ చూసుకోవాలి. కొన్ని నెలలకే అదే చోట మళ్ళీ సన్నబడటమూ ఉంది, కాబట్టి నెలకు, తర్వాత మూడు నెలలకు, ఆరు నెలలకు స్కాన్ తప్పదు.

రెండోది చిన్న ఆపరేషన్. ఇరుకైన చోట కోసి సిర అతుకు వేయడం, లేదా ఆ ముక్కను తీసి చేతి సిరతో భర్తీ చేయడం. బెలూన్ కంటే ఎక్కువకాలం నిలుస్తుంది. కానీ కోత మానడానికి వారాలు పడుతుంది, షుగర్ అదుపులో లేకపోతే చీము పట్టే ప్రమాదం ఉంటుంది. రెండు సెంటీమీటర్ల పూడికకు ముందే దీనికి వెళ్ళనక్కరలేదని నా అభిప్రాయం. యాంజియోగ్రామ్‌లో పూడిక స్కాన్‌లో కనిపించిన దానికంటే పొడవుగా తేలితే మాత్రం ఇదే మంచిదవుతుంది.

మూడోది ఆగడం. రాత్రి నొప్పి నిజంగా లేదని, పాదం మీద పుండు గానీ పగులు గానీ లేదని తేలినప్పుడే ఈ దారి ఉంది. అప్పుడైనా ఆరు వారాల తర్వాత అనకుండా నాలుగు వారాలకే స్కాన్ అడగండి. ఇంకొక పరీక్ష కూడా అడగండి: బొటనవేలి దగ్గర పీడనం. షుగర్ ఉన్నవాళ్ళకు చీలమండ ధమనులు సున్నం పట్టి గట్టిపడతాయి, అందువల్ల ఏబీఐ ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. మీ నాన్నగారి 0.82 నిజంగా 0.82 కాకపోవచ్చు. వేలి పీడనం 30 మిల్లీమీటర్ల కంటే తక్కువగా వస్తే ఇక ఆగే ప్రశ్నే లేదు. ఆగాలని నిశ్చయించుకుంటే ఇంట్లో అందరూ ఒక విషయం తెలుసుకొని ఉండాలి: కాలు హఠాత్తుగా చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కి వేళ్ళు కదపలేకపోయినా, అది రాత్రి రెండు గంటలైనా, మెహందీ రోజైనా వెంటనే రక్తనాళాల సర్జన్ ఉన్న ఆస్పత్రికి వెళ్ళాలి. తెల్లారనిద్దామనుకుంటే కాలు దక్కకపోవచ్చు, ఎందుకంటే రక్తం పూర్తిగా ఆగిన కండరం ఆరు గంటల తర్వాత చచ్చిపోవడం మొదలవుతుంది. నాన్నగారికి విషయం తెలియకుండా ఈ మూడో దారి అసలు సాధ్యం కాదు. తన కాలిలో ఏముందో తెలియని మనిషి తిమ్మిరిని తిమ్మిరే అనుకొని దుప్పటి కప్పుకుంటారు.

సెలైన్ వైద్యం గురించి ఎక్కువ చెప్పను. దాన్ని కీలేషన్ అంటారు. షుగర్ ఉండి గుండెపోటు వచ్చినవాళ్ళ మీద చేసి 2024లో ఫలితాలు ప్రకటించిన పెద్ద పరీక్షలో దానివల్ల మేలు కనిపించలేదు. దాని కోసం వారాలు పోగొట్టుకోవద్దు.

మీరు ఏ దారి ఎంచుకున్నా మందులు వాడవలసిందే. కొలెస్ట్రాల్ రిపోర్టు నార్మల్ అని నాన్నగారు మాత్ర మానేయడంలో ఆయన తప్పు పెద్దగా లేదు. ల్యాబ్ కాగితం మీద అచ్చయిన హద్దులు ఆరోగ్యవంతులవి. కాలి ధమనులలో పూడిక ఉన్నవాళ్ళకు ఎల్‌డీఎల్ 55 కంటే తక్కువగా ఉండాలని ఐరోపా మార్గదర్శకాలు చెబుతున్నాయి. 104 అంటే దాదాపు రెట్టింపు. కొలెస్ట్రాల్ తగ్గించే ఆ మాత్రను, అంటే స్టాటిన్‌ను, మళ్ళీ మొదలుపెట్టడం గురించి ఈ వారమే డాక్టరును అడగండి. ఆస్పిరిన్‌తో పాటు రక్తం గడ్డకట్టకుండా చూసే రివరాక్సాబాన్ చిన్న మోతాదులో, అంటే 2.5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, కాలికి రక్తప్రసరణ పునరుద్ధరించుకున్నవాళ్ళలో కాలికీ గుండెకూ కలిగే పెద్ద ప్రమాదాలను తగ్గించిందని 2020లో ఒక పెద్ద పరీక్ష తేల్చింది. రక్తస్రావం కొంచెం పెరుగుతుంది కాబట్టి అది ఆయనకు తగునో లేదో డాక్టరే చెప్పాలి. ఇక సిగరెట్: బైపాస్ తర్వాత కూడా పొగ తాగేవాళ్ళ గ్రాఫ్టులు మూసుకుపోయే ప్రమాదం తాగనివాళ్ళ కంటే సుమారు మూడు రెట్లు. ఆ పెట్టెను ఆయన ముందు పెట్టి నిలదీయవద్దని మాత్రం మనవి. అమ్మగారు అలా చేస్తే ఆయన దాన్ని ఇంకొక చోట దాస్తారు, అంతే.

దాచడం తప్పా అని అడిగారు. మీ అమ్మగారు, తమ్ముడు ప్రేమతోనే దాచారు, నేను వాళ్ళను తప్పుపట్టను. కానీ దాచడం వల్ల ఇప్పటికే జరిగిన నష్టం చూడండి: నొప్పి ఉందో లేదో తెలియదు, మాత్ర మళ్ళీ మొదలుపెట్టమని చెప్పడానికి కారణం చూపలేరు, సిగరెట్ మానమనడానికీ అంతే. బెలూన్ వేయించాలంటే సమ్మతి పత్రం మీద సంతకం ఆయనదే కావాలి. ముప్పై ఏళ్ళు లేత్ మెషీన్ దగ్గర నిలబడిన మనిషి, ఒక వేలు పోయినా తట్టుకొని లేచి నడిచిన మనిషి, ఈ వార్తను తట్టుకోలేరని ఎందుకనుకోవాలి?

చెప్పడానికి రెండు మూడు మార్గాలున్నాయి. మీరొక్కరే, సాయంత్రం ఆయన తీరికగా ఉన్నప్పుడు చెబితే ఆయన మనసు విప్పి మాట్లాడే అవకాశం ఎక్కువ, కానీ తమ్ముడు తనను పక్కన పెట్టారని బాధపడవచ్చు. ముందురోజు అతనికి ఫోన్ చేసి ఎందుకు చెబుతున్నారో వివరించండి. డాక్టరు గదిలో, డాక్టరు నోటి ద్వారా చెప్పిస్తే వైద్యపరమైన సందేహాలు అక్కడే తీరుతాయి, కానీ ఇన్నాళ్ళూ మీకందరికీ తెలుసని ఆయనకు అక్కడ బయటి మనుషుల ముందు తెలుస్తుంది. నేనైతే మొదటి మార్గం వైపు మొగ్గుతాను. మాట మొదలుపెట్టేటప్పుడు రిపోర్టుతో కాకుండా ప్రశ్నతో మొదలుపెట్టండి: "నాన్నా, రాత్రి కాలు ఎందుకు కిందికి వేస్తున్నారు, నొప్పిగా ఉంటోందా?" ఆయన చెప్పేది పూర్తిగా విన్న తర్వాత రిపోర్టు సంగతి చెప్పండి. పెళ్ళి కానివ్వండి, తర్వాత చూద్దాం అని ఆయనే అనే అవకాశం చాలా ఉంది. ఆ మాట అనే హక్కు ఆయనకుంది, అయితే అన్నీ తెలిసి అనాలి. నొప్పి ఉంటే మాత్రం ఆయనకు క్యాలెండర్ చూపించండి. ఈ నెలలో బెలూన్ వేయించుకుంటే సాధారణంగా వారం పది రోజుల్లో మామూలుగా తిరుగుతారు, మాఘమాసానికి ఇంకా బోలెడు సమయం ఉంటుంది. ఆగితే, ముహూర్తం వారంలోనే ఐసీయూ బయట కూర్చోవలసిన పరిస్థితి రావచ్చు. పెళ్ళికూతురికి కూడా తెలియనివ్వండి. తన పెళ్ళి కోసం నాన్న కాలిని పణంగా పెట్టారని ఆ పిల్లకు తర్వాత తెలిస్తే ఆ భారం ఎప్పటికీ దిగదు.

పెళ్ళి రోజు గురించి రెండు మాటలు. కన్యాదానానికి పీటల మీద గంటల తరబడి మోకాలు మడిచి కూర్చోవడం మోకాలి కిందికి వేసిన గ్రాఫ్ట్‌కు మంచిది కాదు. పొట్టి కుర్చీలు వేయించమని పురోహితుడికి ముందే చెబితే ఎవరూ అభ్యంతరం చెప్పరు. ఎండకు కాలిన నేల మీద, అక్షింతలు, పూల మధ్య గుచ్చుకునే గుండుసూదుల మీద ఆయన ఒట్టి కాళ్ళతో నడవకూడదు. మండపంలో చెప్పులు వద్దంటే దళసరి మేజోళ్ళయినా వేసి, రాత్రి పాదాలు, వేళ్ళ సందులు మీరే చూడండి.

ఖర్చు గురించి మీరు రాయలేదు, కానీ పెళ్ళి ముందు అది మనసులో ఉండకుండా ఉండదు. తమ్ముడి కంపెనీ ఇన్సూరెన్సులో తల్లిదండ్రులు ఉన్నారేమో చూడండి. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ కింద ఏది వర్తిస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం దాని పరిమితిని పది లక్షలకు పెంచింది. మూడో అభిప్రాయం కావాలనిపిస్తే పంజాగుట్ట నిమ్స్‌లో రక్తనాళాల సర్జరీకి ప్రత్యేక విభాగం ఉంది. ఎక్కడికి వెళ్ళినా ఆరేళ్ళ నాటి ఆపరేషన్ నోట్స్, డిశ్చార్జ్ కాగితం, రెండేళ్ళ క్రితం నాటి పాత స్కాన్ రిపోర్టు వెంట తీసుకెళ్ళండి. గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి ఎక్కడికి వేశారో, సిరను తిప్పి వేశారో ఉన్నచోటే ఉంచి వేశారో, ఎడమ కాలి సిర ఇంకా మిగిలి ఉందో లేదో ఆ కాగితాలలోనే ఉంటుంది. రాత్రి కాలు వేలాడేసుకుంటున్న సంగతిని మాత్రం గదిలో అడుగుపెట్టగానే, అన్నిటికంటే ముందుగా, నాన్నగారి చేతనే చెప్పించండి.